బతికిన బండ్లే సాక్ష్యమా?

ట్రాక్టర్ల సంగతి వస్తే ఆర్మూర్ చుట్టుపక్కల రెండు మాటలు వేదవాక్కుల్లా చలామణి అవుతున్నాయి. పాత బండ్ల ఇనుము గట్టిది, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు అన్నది మొదటిది. ఆ పాతవాటిలోనూ ఫలానా కంపెనీ బండికి చావు లేదన్నది రెండోది. ఈ రెండో మాట దగ్గర జనం పక్షాలు కడతారు. మాస్సీ ఫెర్గూసన్ 1035ను మించింది లేదని ఒకరంటే, ఇంటర్నేషనల్ బీ-275 ముందు అదెంత అని ఇంకొకరు. హెచ్ఎంటీ జీటర్ 2511 తాగే డీజిల్ ఎంత, చేసే పని ఎంత అని మూడోవారు. ఫోర్డ్ 3600 లాగిన బరువు ఇంకేది లాగిందో చూపమని నాలుగోవారు. వాదనలు ఎన్ని తీర్లున్నా అందరూ తెచ్చే సాక్ష్యం మాత్రం ఒక్కటే: "ఇప్పటికీ నడుస్తోంది కదా!" ఆ సాక్ష్యం చెల్లదన్నదే నా వాదన. నలభై ఏళ్ల బండి ఇవాళ పొలంలో ఉందంటే దాని ఇనుము గురించి మనకు తెలిసేది తక్కువ. దానికి సామాను ఎక్కడ దొరుకుతోంది, దాని గుట్టు తెలిసిన మిస్త్రీ ఎంత దూరంలో ఉన్నాడు, ఇన్నేళ్లూ దానితో ఏ పని చేయించారు అన్న సంగతులే ఎక్కువ తెలుస్తాయి. మన్నిక అని మనం పొగిడేది చాలామటుకు కంపెనీ పోత పోసింది కాదు. బజారు, వర్క్‌షాపు, వాడకం కలిసి ఏటేటా నిలబెట్టుకొస్తున్నది.

ముందు ఆ సాక్ష్యంలోని లోటు చూద్దాం. రోడ్డు మీద కనపడే పాత బండి బతికి బయటపడ్డ బండి. దానితోపాటే షోరూం నుంచి వచ్చి, ఎప్పుడో తుక్కు కింద తూకానికి పోయినవి లెక్కలోకి రావు. నూటికి ఎన్ని మిగిలాయో తెలియకుండా మిగిలినదాన్ని చూపి ఆ తరం మొత్తాన్నీ మెచ్చుకోవడం, తొంభై దాటిన ముసలాయనను చూపి పూర్వం అందరూ వందేళ్లు బతికేవారని చెప్పడం లాంటిది. నిజంగా ఆ కాలపు ఇనుముకే మహిమ ఉంటే ఆ కాలపు బండ్లన్నీ ఇవాళ తిరుగుతుండాలి. 1960లలో సోవియట్ యూనియన్ నుంచి డీటీ-14లు మన దేశానికి వచ్చాయి. 1970ల నడుమ ఘాజియాబాద్‌లో సోవియట్ సాంకేతికతతో హర్ష ట్రాక్టర్లు తయారయ్యాయి. 1980ల మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో ఆటో ట్రాక్టర్స్ ఫ్యాక్టరీ పెట్టారు. ఇవీ ఆ రోజుల బండ్లే. వీటిలోనూ మందపాటి పోత ఇనుమే, ఎలక్ట్రానిక్స్ పోగు లేదు. అయినా చావులేని బండ్ల జాబితాలో వీటి పేరెత్తేవారు లేరు. కొన్నిటి తయారీ ఆగిపోయింది, కొన్నిటి దిగుమతి ఆగిపోయింది, వెనకే సామానూ ఆగిపోయింది. ఇనుము ఒక్కటే మన్నిక ఇచ్చేదైతే కంపెనీ మూతపడ్డా బండి నడవాలి. నడవలేదంటే మన్నిక ఇంకెక్కడో ఉందన్నమాట.

ఇక "ఇప్పటికీ నడుస్తోంది" అనే మాటనే విప్పి చూద్దాం. నడుస్తున్నది ఏది? నలభై ఏళ్ల బండిలో పిస్టన్లు, రింగులు, స్లీవులు, బేరింగులు పాతవి కావు. క్లచ్ ప్లేట్లు ఎన్నిసార్లు మారాయో యజమానికే గుర్తుండదు. నాజిళ్లు మారాయి, డీజిల్ పంపు పలుమార్లు బాగుచేయించారు, హైడ్రాలిక్ పంపు విప్పారు, కింగ్‌పిన్నులు, బుష్‌లు, ఆయిల్ సీళ్లు, టైర్లు సరే సరి. చివరికి మొదటినుంచీ ఉన్నవి ఇంజన్ బ్లాకు, గేర్‌బాక్సు హౌసింగు, వెనక ఆక్సిల్ గొట్టాలు. ఇవి ఏ కంపెనీ బండిలోనైనా మామూలుగా చివరిదాకా ఉండేవే. ఎందుకంటే వీటిలో ఒకదానికొకటి రాసుకునే భాగాలు తక్కువ. రాసుకుని అరిగేవన్నీ మార్చేసి, అరగనివాటిని చూపి బండి అరగలేదనడం వాదన కాదు. అరిగినవాటిని తేలిగ్గా, చవకగా మార్చగలిగాం అనడం మాత్రం నిజం. అది కూడా గొప్పే. కానీ ఆ గొప్పలో సగం వాటా సామాన్ల కొట్టుదీ, లేత్ మిషన్‌దీ, మిస్త్రీదీ.

నిజంగా పాత బండ్ల మధ్య పోలిక చెప్పాలంటే చూడాల్సింది ఈ మార్చుకునే వీలునే. అక్కడ తేడాలు స్పష్టంగా ఉన్నాయి. మాస్సీ ఫెర్గూసన్ 35 మోడల్‌లోని మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజన్‌కు డ్రై స్లీవులు. అంటే స్లీవుకు నీళ్లు తగలవు, బ్లాకులోకి గట్టిగా బిగిసి కూర్చుంటుంది. దాన్ని తీయాలన్నా, కొత్తది ఎక్కించి కొలతకు తేవాలన్నా మంచి మిషన్ షాపు కావాలి. ఫోర్డ్ 3000, 3600 మూల డిజైన్‌లో అసలు స్లీవే లేదు, పిస్టన్ నేరుగా బ్లాకులోనే ఆడుతుంది. అరిగితే బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. ఆ సైజులు అయిపోయాక స్లీవు దిగ్గొట్టించాలి. జీటర్‌లో వెట్ స్లీవులు. చుట్టూ నీళ్లుంటాయి, పాతది లాగేసి కొత్తది దించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అయితే స్లీవు కింది రబ్బరు రింగు పాడైతే నీళ్లు నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి దిగుతాయి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటున్న చోట స్లీవు బయటివైపు తుప్పూ, ఉప్పు పొరా పట్టడం ఖాయం. ఐషర్ పాత బండికి గాలితోనే చల్లదనం, రేడియేటర్ గోలే లేదు, కానీ దాని రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే సిలిండర్ వేడెక్కిపోతుంది. వీటిలో ఏది గట్టిది? ప్రశ్నే సరిగా లేదు. మంచి బోరింగ్ షాపు పక్కనే ఉన్నవాడికి ఫోర్డ్ గట్టిది, అది దూరమైనవాడికి జీటర్ గట్టిది. ఒక్కో డిజైన్ తన బలహీనతను ఒక్కో చోట దాచుకుంది. ఆ చోటును మన ఊరు కాపాడగలదా లేదా అన్నదే తేల్చాల్సింది.

ఈ మాటకు అన్నిటికన్నా గట్టి రుజువు హెచ్ఎంటీ చరిత్రలోనే ఉంది. చెకోస్లోవేకియా జీటర్ సంస్థ సహకారంతో హెచ్ఎంటీ 1971లో పింజోర్‌లో 25 హార్స్ పవర్ జీటర్ 2511 తయారీ మొదలుపెట్టింది. జీటర్ వాళ్లు తమ రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బండ్లకు వీలైనన్ని భాగాలు ఉమ్మడిగా ఉండేలా డిజైన్ చేశారు. ఒకదాని సామాను ఇంకొకదానికి సరిపోవడం ఆ రోజుల్లో పెద్ద సౌకర్యం. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం జరిగిన మర్నాడు పొలాల్లో ఉన్న 2511ల ఇనుములో ఏ మార్పూ రాలేదు. కానీ వాటి ఆయుష్షు ఆ రోజు నుంచే తరగడం మొదలైంది. కంపెనీ సామాను ఆగింది, బయటి సామాను నాణ్యత ఒక్కోటి ఒక్కో తీరు, కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి ఆ బండి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. మరో పదిహేనేళ్లకు అవి రోడ్డు మీద కనపడకపోతే, అప్పటి కుర్రాళ్లు "హెచ్ఎంటీ మెత్తది, అందుకే మిగల్లేదు" అంటారు. ఇనుము అదే, తీర్పు మారిపోతుంది. ఫోర్డ్ కథ దీనికి ఎదురు. ఇక్కడ ఫోర్డ్ బండ్లు తయారు చేసిన ఎస్కార్ట్స్‌తో ఆ కంపెనీ ఒప్పందం కాలం తీరాక కూడా ఆ డిజైన్ ఫార్మ్‌ట్రాక్ పేరుతో కొనసాగింది. కొత్త పేరుమీద తయారైన సామాను పాత 3600కు ఊపిరి పోసింది. మాస్సీ 1035ను మద్రాసు టాఫే, ఇంటర్నేషనల్ బీ-275 వంశాన్ని మహీంద్రా తరాల తరబడి ఆపకుండా తయారు చేస్తూనే ఉన్నాయి. ఈ రెండింటికీ చావు లేదన్న పేరు రావడానికి అంతకుమించిన కారణం వెతకనక్కర్లేదు.

రెండో తప్పు ఏళ్లను లెక్కపెట్టడం. యంత్రం ఏళ్లతో అరగదు, గంటలతో అరుగుతుంది. మన వ్యవసాయ ఇంజనీరింగ్ లెక్కల్లో ట్రాక్టర్ ఆయుష్షును మామూలుగా 10 ఏళ్లు, ఏడాదికి 1,000 గంటల చొప్పున 10,000 గంటలుగా తీసుకుంటారు. అదే బండిని ఏడాదికి 300 గంటలే వాడితే ఆ 10,000 గంటలు పూర్తవడానికి 33 ఏళ్లు పడుతుంది. రెండు బండ్లూ ఒకే గట్టిదనం, ఒకటి పదేళ్లకు షెడ్డుకు చేరింది, రెండోది మనవడి చేతికొచ్చింది. ఎద్దులు ఇంకా పొలంలో ఉన్న రోజుల్లో ట్రాక్టర్ పెద్ద దుక్కికీ బరువుల రవాణాకూ పరిమితం. మిగతా పని నాగలి, గుంటకలదే. ఇప్పుడు శ్రీరాంసాగర్ కాల్వ నీళ్లు, బోరు నీళ్లతో రెండు పంటలు. వాటికి తోడు రోటవేటర్, బురద దుక్కి, కిరాయి పని. నాటి బండి దశాబ్దంలో తిరిగిన గంటలు నేటి కిరాయి బండి నాలుగైదు సీజన్లలో తిరిగేస్తుంది. పైగా పాత బండ్ల మీటర్లు చాలావాటికి ఎప్పుడో ఆగిపోయాయి. మీటరు నడవని బండి ఎన్ని గంటలు నడిచిందో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని కొత్త బండి మీటరుతో పోల్చి, కొత్తది త్వరగా పోయిందని తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది?

గంటలన్నీ కూడా ఒకటి కావు. ఇక్కడి సాగులో ఒకే బండి మూడు రకాల పనిలోకి పోతుంది, ఒక్కోటి బండిని ఒక్కో చోట తింటుంది. వరి మడిలో కేజ్ వీల్స్‌తో బురద దున్నేటప్పుడు దెబ్బ హబ్ సీళ్లకూ, బ్రేకులకూ, ఆయిల్‌కూ. మాస్సీలో ఫెర్గూసన్ వారసత్వంగా వచ్చిన హైడ్రాలిక్ పంపు వెనక హౌసింగ్‌లోనే, గేర్ల ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. సీలు దాటి నీళ్లు లోపలికి పోతే ఆ ఆయిల్ పాలలా తెల్లబడి, గేర్లతోపాటు లిఫ్టూ పాడవుతుంది. పసుపు పంటది వేరే లెక్క. జూన్‌లో నాటడానికి ముందు లోతు దుక్కి, జనవరి నుంచి తవ్వకం, ఉడకబెట్టి ఆరబెట్టిన కొమ్ములకు పాలిష్ పట్టడం. పాలిష్ డ్రమ్మును బండి వెనక తిరిగే పీటీఓ షాఫ్టుతో తిప్పేటప్పుడు బండి ఒక్కచోటే నిలబడి గంటల కొద్దీ సన్నటి దుమ్ము పీలుస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ మార్చని బండికి, అది ఏ కంపెనీదైనా, రింగులూ స్లీవులూ అక్కడే పోతాయి. మూడోది, ఆర్మూర్ నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పాతిక కిలోమీటర్లకు పైగా ట్రాలీ లాగడం. ఎక్కువ బరువేస్తే క్లచ్, క్రౌన్ పినియన్, బ్రేకులు దెబ్బతింటాయి గానీ ఇంజన్ సుఖంగానే ఉంటుంది. బురదలో గడిపిన మాస్సీని, ట్రాలీకే పరిమితమైన 275ను పక్కపక్కన నిలబెట్టి ఏది గట్టిదో చెప్పమంటే, చెప్పేవాడు బండ్ల గురించి కాక ఆ రెండు కుటుంబాల సాగు గురించి చెబుతున్నట్టే.

ఇక ఎదురొచ్చే అభ్యంతరాలు. మొదటిది: పాత బండ్లు బరువు, పోత మందం, అందుకే గట్టివి. తూకం ఈ మాటను నిలబెట్టదు. ఇంగ్లండ్‌లో తయారైన మాస్సీ ఫెర్గూసన్ 35 తూకం సుమారు 1,400 నుంచి 1,500 కిలోలు. నేడు మన దగ్గర అమ్ముడయ్యే దాదాపు అదే శక్తి బండ్లు 1,700 కిలోల పైమాటే. పలచబడింది బానెట్ రేకు, మడ్‌గార్డు. చేత్తో తట్టి చూసేది దాన్నే కాబట్టి బండంతా రేకులాగే తోస్తుంది. బరువు మోసేది బానెట్ కాదు. రెండో అభ్యంతరం: కొత్త ఇంజన్లలో ఎలక్ట్రానిక్స్, పాతవి తక్కువ చుట్లు తిరిగేవి. ఇందులో కొంత నిజం ఉంది. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి, వాటితో సెన్సార్లూ కంప్యూటర్ నడిపే పంపులూ వచ్చాయి. కానీ సామాన్య రైతు కొనే 50 లోపు బండ్లలో ఇప్పటికీ మెకానికల్ పంపే సాధారణం. చుట్ల సంగతీ అంతే. పాత ఇంజన్లు నిమిషానికి 2,000 చుట్టుపక్కల తిరిగేవి, నేటి చాలా బండ్లూ అక్కడే తిరుగుతున్నాయి. పైగా పాత మాస్సీ 35 డ్రమ్ము బ్రేకులు, బీ-275 డిస్కు బ్రేకులు పొడివి. బురద నీళ్లు చేరితే పట్టు తప్పేవి. ఆయిల్‌లో మునిగి పనిచేసే నేటి బ్రేకులు వరి మడిలో వాటికన్నా ఎక్కువ కాలం వస్తాయి. పాతదంతా గట్టిదనే వాదన ఈ లెక్కను ఎప్పుడూ ముందుకు తేదు.

మూడో అభ్యంతరం బలమైనది: ముప్పై ఏళ్లుగా బండ్లు విప్పుతున్న మిస్త్రీలే చెబుతున్నారు కదా, వాళ్లకన్నా నీకెక్కువ తెలుసా అని. తెలియదు. అరిగిన పినియన్‌ను చూసి కారణం చెప్పే విద్యలో మిస్త్రీని మించినవాడు లేడు. అయితే ఏ బండి ఎంత తరచుగా చెడుతుంది అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు షెడ్డులో దొరకదు. షెడ్డుకు వచ్చేది చెడిన బండి. చెడనిది రాదు, బాగు చేయించే స్తోమతు లేక అమ్మేసిందీ రాదు. ఎక్కువ అమ్ముడైన కంపెనీ బండ్లు ఎక్కువ వస్తాయి, చెడడం వల్ల వచ్చాయా, సంఖ్య వల్ల వచ్చాయా తేల్చడానికి ఊళ్లో మొత్తం ఎన్నున్నాయో తెలియాలి. ఇక సెకండ్ హ్యాండ్ ధరను చూపేవారున్నారు. మంచి ధర పలుకుతోందంటే రేపు సామాను దొరుకుతుందని, మళ్లీ కొనేవాడు ఉంటాడని కొనేవాడు నమ్ముతున్నాడని అర్థం. అది నా వాదనకే సాక్ష్యం. నాలుగోది ప్రభుత్వ పరీక్షలు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, మన అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర పరీక్షా సంస్థలున్నాయి. బుద్నీలో పరీక్ష ముగిశాక బండిని విప్పి సిలిండర్లు, రింగులు, బేరింగులు ఎంత అరిగాయో కొలుస్తారు కూడా. అది విలువైన పని. కానీ పరీక్ష గంటలు పరిమితం, నడిపేవారు నిపుణులు, ఆయిల్ వేళకు మారుతుంది. వేల గంటల తర్వాత, మన డ్రైవర్ చేతిలో, మన దుమ్ములో ఏమవుతుందో చెప్పడం ఆ పరీక్ష ఉద్దేశమే కాదు.

పాత బండ్ల అభిమానుల మాటలో ఒప్పుకోవాల్సింది ఒకటి మిగిలింది. ఆ డిజైన్లు సాదాగా ఉండేవి. పానాలతో విప్పగలిగేవి, కంటితో చూసి లోపం పట్టగలిగేవి. చదువు లేని మిస్త్రీ కూడా చేతితో నేర్చుకుని తరువాతివాడికి నేర్పగలిగేవి. ఆ గుణం నిజమైనది, కాపాడుకోదగ్గది. కానీ అది ఇనుము గుణం కాదు, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఆ గుణాన్ని మన్నిక అని పిలిస్తే దాని పోషణ ఎవరి బాధ్యతో కూడా చెప్పాలి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఈ సంగతి వందేళ్ల కిందటే గుర్తించింది. పనికిరాని ట్రాక్టర్లు అంటగట్టి రైతులను ముంచుతున్నారని 1919లో చట్టం చేసి, మరుసటి ఏడు నుంచి ట్రాక్టర్లకు పరీక్ష మొదలుపెట్టింది. ఆ చట్టం బండి శక్తిని పరీక్షించడంతో ఊరుకోలేదు. అమ్మే కంపెనీ ఆ రాష్ట్రంలోనే రైతుకు అందే దూరంలో సామాను నిల్వ ఉంచాలని షరతు పెట్టింది. ఇనుము గట్టిదైతే చాలుననుకుంటే ఆ షరతు అక్కర్లేదు.

ఈ తర్కం ఎందుకంటే, తప్పుడు నమ్మకానికి రైతు డబ్బు కడుతున్నాడు. ఫలానా బండికి చావు లేదని నమ్మి, సామాను ఆగిపోయిన మోడల్‌ను ముచ్చటపడి కొన్నవాడు పసుపు తవ్వే వేళ ఒక చిన్న గేరు కోసం బండి నిలబెట్టుకుంటాడు. కొత్తవన్నీ రేకులేనని నమ్మినవాడు సర్వీసు వేళ దాటేస్తాడు, ఎలాగూ పోయేదే కదా అని. కంపెనీలకూ ఈ నమ్మకం సుఖమే. బండి నిలబడితే పేరు కంపెనీకి, పడిపోతే నింద రైతు వాడకానికి. అందుకే ఇకముందు అడగాల్సింది వేరు. పాత బండి కొనేవాడు ఇంజన్ శబ్దం వినే ముందు ఆ మోడల్ స్లీవులు, క్రౌన్ పినియన్, పంపు సామాను ఆర్మూర్‌లో, నిజామాబాద్‌లో ఎన్ని కొట్లలో దొరుకుతాయో విచారించాలి. సహకార సంఘాల కిరాయి యంత్ర కేంద్రాలు తమ ప్రతి బండికీ గంటలు, చేసిన పని, మారిన భాగం అనే మూడు గడులు నింపితే నాలుగేళ్లలో ఏ బండి ఏ పనిలో ఎక్కడ అరుగుతుందో మన దగ్గరే లెక్క ఉంటుంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు కోసం ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. తయారీ ఆపేసిన మోడల్‌కు కూడా ఇన్నేళ్లు సామాను ఇవ్వాలనే కచ్చితమైన గడువు ఆ హక్కులో చేర్చమని రైతు సంఘాలు పట్టుబట్టాలి. ఆ లెక్కలు, ఆ గడువు వచ్చాక మాస్సీనా, 275నా అని వాదించుకోవచ్చు. అప్పుడు ఎవరు గెలిచినా ఆ గెలుపు బండి పేరు మీద కాక, దాని గంటల మీద నిలుస్తుంది.